ఇండెక్స్ పీకేయకండి, తేదీలు సరిచేయండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మన పేపర్ జిల్లా పేజీల్లో తరచుగా కనపడే వార్తలే ఇవి. ధాన్యం డబ్బులు ఒకరికి పడ్డాయి, పక్కాయనకి పడలేదు. పాల బిల్లులో తేడా వచ్చింది. సొసైటీలో అప్పు కట్టేసినా ఇంకా బాకీ చూపిస్తోంది. అన్నిట్లోనూ చివర "సాంకేతిక కారణాల వల్ల" అని ఒక్క ముక్క రాసి వార్త ముగించేస్తారు. ఆ సాంకేతిక కారణం ఏంటో రాసేవాళ్ళు లేరు, రైతు వెళ్ళి అడిగితే విడమరిచి చెప్పేవాళ్ళూ లేరు, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా రాస్తున్నాను, వీలైతే కోయకుండా వేయండి.

నేను పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల రైస్ మిల్లులకి, పాల కేంద్రాలకి, రొయ్యల మేత డీలర్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ వెనకాల ఉండే డేటాబేస్‌లు, అంటే రికార్డులన్నీ దాచిపెట్టే చోట్లు, చూస్తుంటాను. ఫోన్ వస్తే చాలు అందరూ మొదట అనే మాట సర్వర్ ప్రాబ్లం అని, లేకపోతే వైరస్ అని. తీరా వెళ్ళి చూస్తే చాలా చోట్ల అసలు గొడవ తేదీ దగ్గర ఉంటుంది. 03-04-2023 అని కాటా చీటీ మీద ఉందనుకోండి, మన ఊళ్ళో చిన్న పిల్లాడైనా ఏప్రిల్ మూడు అనే చదువుతాడు, కానీ కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్‌లో దేశం సెట్టింగ్ అమెరికా అని ఉండిపోతే అది మార్చి నాలుగు అని చదువుతుంది, ఎందుకంటే వాళ్ళు నెల ముందు రాస్తారు. మనిషికి అనుమానం వస్తే పక్కవాళ్ళని అడుగుతాడు, కంప్యూటర్ అడగదండి, తనకి తోచింది రాసేసుకుని ముందుకి వెళ్ళిపోతుంది.

దీనికి ఇండెక్స్‌కి సంబంధం ఏంటంటారా, అదే అసలు విషయం. డేటాబేస్‌లో ఇండెక్స్ అంటే నిఘంటువులో మాటలు అక్షర క్రమంలో ఉన్నట్టు రికార్డులకి ఒక వరస కట్టి పెట్టుకోవడం, ఫలానా రోజు లెక్క కావాలంటే లక్షల రికార్డులు మొదటి నుంచి తిప్పకుండా సూటిగా అక్కడికి వెళ్ళిపోవచ్చు. అందులో యూనిక్ ఇండెక్స్ అని ఒక రకం ఉంది, అది ఇంకో కాపలా కూడా కాస్తుంది, ఒకే సభ్యుడికి ఒకే రోజు ఒకే పూట రెండు సార్లు పాలు ఎక్కనివ్వదు. ఆ వరసా ఈ కాపలా రెండూ తేదీ సరిగ్గా ఉంటేనే పనిచేస్తాయి. తేదీ తప్పితే మొదట అరిచేది ఇండెక్సే. మన దగ్గర ఏం చేస్తున్నారంటే, అరిచిందని దాన్నే పీకి పారేస్తున్నారు.

ఒక పాల కేంద్రంలో జరిగింది చెప్తాను, ఊరి పేరు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాళ్ళ పేరు అనవసరం. పాత విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాం, వెనకాల మైక్రోసాఫ్ట్ వాళ్ళ యాక్సెస్ అనే డేటాబేస్. సభ్యుడి నెంబరు, తేదీ, పూట, ఈ మూడూ కలిపి యూనిక్ ఇండెక్స్. ఏళ్ళ తరబడి బాగానే నడిచింది. మార్చి ఆఖర్లో లాప్‌టాప్ నెమ్మదించిందని ఫార్మాట్ కొట్టించి విండోస్ మళ్ళీ వేయించారు. ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున్న పాలు పోయడం మొదలెట్టేసరికి స్క్రీన్ మీద ఎర్రర్, ఇండెక్స్‌లో డూప్లికేట్ వాల్యూస్ వస్తాయి కాబట్టి సేవ్ చేయను అని. రెండో తారీఖు అదే, మూడో తారీఖు అదే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎనీడెస్క్‌లో దూరం నుంచే చూసి ఆ యూనిక్ ఇండెక్స్ తీసేశారు, అయిపోయిందండి ఇక రాదు అన్నారు. నిజంగానే ఎర్రర్ మళ్ళీ రాలేదు. మూడు రోజుల పాలూ మళ్ళీ ఎక్కించారు, అన్నీ ఎక్కాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పదిహేను రోజుల బిల్లు తీసేటప్పటికి ప్రతి సభ్యుడికీ నాలుగు రోజుల పాలే వచ్చాయి. 4, 13, 14, 15 తారీఖులు మాత్రమే. మిగతా పదకొండు రోజుల పాలు ఎక్కడా లేవు. గేదెల్ని మేపి, తవుడు, తెలకపిండి కొని, తెల్లారకుండా లేచి కేంద్రానికి క్యాను మోసుకొచ్చిన మనుషులు ఎంత కోపంగా ఉంటారో చెప్పక్కర్లేదు, పాపం కేంద్రంలో కూర్చునే అమ్మాయే పాలు తినేసిందన్నట్టు మాట్లాడారు ఆ రోజు. ఆ అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదండి.

ఆ నాలుగు తారీఖులు చూస్తేనే రోగం తెలిసిపోతుంది. ప్రోగ్రాం తేదీని విండోస్ సెట్టింగ్ ప్రకారం చదువుతోంది, సెట్టింగ్ అమెరికాది. ఏప్రిల్ 1 వెళ్ళి జనవరి 4 అయ్యింది, ఏప్రిల్ 2 ఫిబ్రవరి 4, ఏప్రిల్ 3 మార్చి 4. ఆ మూడు రోజులకీ పాత పాలు ముందే ఎక్కి ఉన్నాయి కదా, అందుకే ఇండెక్స్ ఒప్పుకోలేదు, అది చెయ్యాల్సిన పని అది చక్కగా చేసింది. ఏప్రిల్ 4 ఎటు చదివినా ఒకటే. ఏప్రిల్ 5 నుంచి 12 దాకా మే 4, జూన్ 4 అలా డిసెంబరు 4 దాకా వెళ్ళి కూర్చున్నాయి, అవి ఇంకా రాని రోజులు కాబట్టి ఢీకొట్టడానికి అక్కడ ఏమీ లేదు, ఎర్రర్ కూడా లేదు. 13 నుంచి మళ్ళీ అన్నీ సరైన చోటే, ఎందుకంటే పదమూడో నెల లేదు కదా, అలాంటప్పుడు విజువల్ బేసిక్ 6 తనంతట తనే రోజునీ నెలనీ తిప్పి చదివేసుకుంటుంది, ఎవరికీ చెప్పదు. ఆ ఉపకారబుద్ధి వల్లే ఈ తప్పు ఇంత కాలం దాక్కుంటుంది. సరిగ్గా చదవలేకపోతే ఆగిపోయే ప్రోగ్రాం ఎంతో మంచిది.

అంటే మొదటి మూడు రోజులు వచ్చిన ఎర్రరే ఆ కేంద్రానికి దొరికిన ఒకే ఒక్క హెచ్చరిక. అప్పుడే ఎవరైనా జనవరి 4 రికార్డు తెరిచి, ఇందులోకి ఇవాళ్టి పాలు ఎందుకు వెళ్తున్నాయి అని అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

సరిచేయడం కూడా చెప్తాను, ఈ పని చేసే కుర్రాళ్ళు ఎవరైనా చదివితే పనికొస్తుంది. ముందు డేటాబేస్ ఫైలు కాపీ తీసి పక్కన పెట్టాలి, ఇది మానేసి ఇంకేం చేసినా తప్పే. అదృష్టం కొద్దీ ఆ ప్రోగ్రాంలో ప్రతి రికార్డుకీ అది ఎక్కిన అసలు టైం ఇంకో కాలమ్‌లో ఉంది, దాన్ని కంప్యూటర్ గడియారం నుంచి తీసుకుంటుంది కాబట్టి అది తిరగబడలేదు. పాల తేదీ ఒకటీ ఎక్కిన తేదీ ఇంకొకటీ ఉన్న రికార్డులు వేరు చేసి, వాటిలో రోజునీ నెలనీ తిప్పితే ఎక్కిన తేదీకి సరిపోయేవి ఏవో చూసి, అవి మాత్రమే తిప్పాలి. మళ్ళీ ఎక్కించిన ఆ మూడు రోజులవి ఇలా దొరకవు, ఎక్కిన తేదీ వేరే కదా, వాటిని కేంద్రంలో చేత్తో రాసుకున్న చీటీలతో ఒక్కొక్కటీ పోల్చాలి. అన్నీ అయ్యాక సభ్యుడు, తేదీ, పూట ప్రకారం గుంపులు కట్టి, ఒకటి కంటే ఎక్కువ ఉన్న గుంపులు ఉన్నాయేమో చూసి, అప్పుడు యూనిక్ ఇండెక్స్ మళ్ళీ కట్టాలి. ఒక్క డూప్లికేట్ మిగిలినా ఇండెక్స్ కట్టనివ్వదు, అంటే డూప్లికేట్లు ఇంకా ఉన్నాయో లేదో అదే చెప్పేస్తుంది. ఆఖర్న విండోస్ సెట్టింగ్ ఇండియాకి మార్చడం, ప్రోగ్రాంలో తేదీ చదివే చోట రోజు, నెల, సంవత్సరం విడివిడిగా తీసుకుని కలిపేలా రాయించడం. సెట్టింగ్ ఒక్కటీ మార్చి వదిలేస్తే సరిపోదండి, మళ్ళీ ఎవరో ఫార్మాట్ కొడతారు. పైగా యాక్సెస్‌లో క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాసేటప్పుడు హ్యాష్ (#) గుర్తుల మధ్య పెట్టే తేదీని విండోస్ ఏ దేశం సెట్టింగ్‌లో ఉన్నా నెల ముందు ఉన్నట్టే చదువుతుంది, ఈ సంగతి తెలియక ఇండియా సెట్టింగ్ పెట్టాం కదా అని ధీమాగా ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను.

ఈ ఆనవాలు గుర్తు పెట్టుకుంటే మిగతా చోట్ల కూడా పట్టేయొచ్చు. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) ధాన్యం కొన్న లెక్కలు తీస్తే జనవరి 4, ఫిబ్రవరి 4, జూన్ 4, సెప్టెంబరు 4 ఇలా ప్రతి నెలా నాలుగో తారీఖునే కొనుగోళ్ళు కనపడుతున్నాయంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. సెప్టెంబరులో మన పొలాల్లో సార్వా (మొదటి పంట) చేలు పచ్చగా ఉంటాయి, ఆ రోజున దాళ్వా ధాన్యం ఎవరు తోలారు? నెలలో 12 లోపు తారీఖులకి రికార్డులు పలచగా, 13 నుంచి చిక్కగా ఉన్నా అదే జబ్బు. ఏడాదిలో ఇలా తారుమారయ్యే అవకాశం ఉన్న తేదీలు 132, పన్నెండు నెలల్లో పన్నెండేసి రోజులు కలిపితే 144, అందులో 1-1, 2-2 లాంటివి పన్నెండు తీసేయగా. 2022లో కొత్త జిల్లాలు వచ్చింది 04-04న, ఆ తేదీ ఎవరు ఎలా చదివినా తప్పు రాదు, మిగతా తేదీలకి ఆ యోగం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇండెక్స్ అన్నీ పట్టుకోలేదు. డేటా మొత్తం మొదటి నుంచీ తిరగబడే ఎక్కిందనుకోండి, మార్చి 4 ఏప్రిల్ 3 అవుతుంది, ఏప్రిల్ 3 మార్చి 4 అవుతుంది, ఒకదాని చోటులోకి ఇంకోటి వెళ్ళి కూర్చుంటాయి, డూప్లికేట్ అనేదే రాదు. సగం సరిగ్గా సగం తప్పుగా ఉన్నప్పుడే అది అరుస్తుంది. కాబట్టి ఎర్రర్ రాలేదు, మా డేటా బంగారం అనుకోవడానికి లేదు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడే చోట ఇంకో రకంగా బయటపడుతుంది. దాంట్లో డేట్‌స్టైల్ అనే సెట్టింగ్ నెల ముందు అని ఉంటే 13-04-2023 ని ససేమిరా తీసుకోదు, రేంజ్ దాటింది, డేట్‌స్టైల్ మార్చాలేమో చూసుకో అని చెప్తుంది, మంచిదే. కానీ 03-04-2023 ని కిక్కురుమనకుండా మార్చి నాలుగుగా మింగేస్తుంది. మనవాళ్ళు ఏం చేస్తారంటే ఎర్రర్ వచ్చిన రికార్డులు మాత్రం ఏరి చేత్తో సరిచేసి లోడ్ చేసేస్తారు, ఎర్రర్ రాని వాటి జోలికి వెళ్ళరు. అసలు తప్పులన్నీ ఎర్రర్ రాని వాటిలోనే ఉన్నాయి.

ఇంక మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సంగతి. మన రిజిస్టర్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు, పైన ఒకసారి తేదీ వేసి కింద వరసగా డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోతారు. డేటా ఎంట్రీకి ఇస్తే ఆ పిల్లలు ఉన్నది ఉన్నట్టు డిట్టో గుర్తే కొట్టేస్తారు, కొన్ని చోట్ల ఖాళీ వదిలేస్తారు. మైఎస్‌క్యూఎల్ 5.7 కంటే ముందు వెర్షన్లు, అంటే 2015 ముందువి, స్ట్రిక్ట్ మోడ్, అంటే తప్పు డేటాని వెనక్కి పంపే సెట్టింగ్, పెట్టకపోతే ఇలాంటి అర్థం కాని తేదీల్ని వెనక్కి పంపకుండా అన్నీ సున్నాలు ఉన్న తేదీగా రాసుకుని ఒక వార్నింగ్‌తో సరిపెట్టేవి. ఒకే రైతుకి రెండు డిట్టోలు ఉంటే రెండూ సున్నా తేదీలే, యూనిక్ ఇండెక్స్ డూప్లికేట్ ఎంట్రీ అని ఆపేస్తుంది. చూసినవాళ్ళు రైతు రెండుసార్లు రాయించుకున్నాడు అనుకుంటారు! ఆ సున్నాల తేదీలు ఉన్న పాత టేబుల్‌ని కొత్త వెర్షన్‌లోకి తెచ్చి ఏదైనా మార్పు చేయబోతే, కొత్త ఇండెక్స్ కలపబోయినా సరే, ఇన్‌కరెక్ట్ డేట్ వాల్యూ అని ఆగిపోవచ్చు. అప్పుడు నెట్‌లో వెతికి స్ట్రిక్ట్ మోడ్ ఆపేయడం నేర్చుకుంటారు. అది ఆపేసి పని కానిచ్చేస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. సున్నా తేదీలు తీసి ఖాళీగా, అంటే నల్‌గా మార్చి, రిజిస్టర్ చూసి నింపుకోవాలి. ఎంత ఓపిక పనైనా అదొక్కటే దారి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రం తేదీని తేదీలా కాకుండా మామూలు అక్షరాల్లా, టెక్స్ట్ కాలమ్‌లో దాచడం. ఇది మన వైపు విపరీతం. టెక్స్ట్‌లో ఏదైనా పడుతుంది, 12.4.23 పడుతుంది, 12/04/2023 పడుతుంది, ఫిబ్రవరి 30 కూడా పడుతుంది, ఎర్రర్ రాదు కాబట్టి అందరికీ సుఖం. దాని మీద ఇండెక్స్ కడితే అది అక్షరాల వరసలో కడుతుంది. 02-12-2021 ముందు వస్తుంది, 03-01-2020 తర్వాత వస్తుంది, ఎందుకంటే మొదట చూసేది 02, 03 మాత్రమే. ఏప్రిల్ ఒకటి నుంచి ముప్పై దాకా కొనుగోళ్ళు ఇమ్మంటే అన్ని సంవత్సరాల అన్ని నెలలవీ కలిపి ఇచ్చేస్తుంది. ఇండెక్స్ చెడిపోయింది అని దాన్ని మళ్ళీ మళ్ళీ కడుతుంటారు, ఎన్నిసార్లు కట్టినా అదే వరస, ఇండెక్స్ తప్పేం లేదు, ఇచ్చిన సరుకు అలాంటిది.

అప్పుడు కాస్త తెలిసినవాళ్ళు టెక్స్ట్‌ని తేదీగా మార్చే ఫంక్షన్ మీదే ఇండెక్స్ కట్టాలని చూస్తారు, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఇండెక్స్‌లో వాడే ఫంక్షన్ ఇమ్మ్యూటబుల్, అంటే ఎప్పుడడిగినా ఒకే జవాబు ఇచ్చేది, అయ్యుండాలి అంటుంది. చాలామందికి ఇది అర్థం లేని పట్టుదలలా కనపడుతుంది కానీ దాని భయం న్యాయమైనదే, టెక్స్ట్‌ని తేదీగా చదవడం సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, ఇవాళ ఏప్రిల్ 3 అని చదివి ఇండెక్స్‌లో పెట్టింది రేపు సెట్టింగ్ మారితే మార్చి 4 అని వెతుకుతుంది, రికార్డు టేబుల్లో ఉన్నా దొరకదు. నెట్‌లో దొరికే చిట్కా ఏంటంటే సొంత ఫంక్షన్ ఒకటి రాసి దాని మీద ఇమ్మ్యూటబుల్ అని చీటీ అంటించడం. పోస్ట్‌గ్రెస్ మన మాట నమ్మేస్తుంది. లోపల ఫార్మాట్ ఖచ్చితంగా చెప్పకుండా ఇలా మాట ఇస్తే ఎప్పుడో ఒకరోజు రికార్డులు మాయమవుతాయి. దానికంటే నిజమైన డేట్ కాలమ్ కొత్తగా పెట్టి, పాత టెక్స్ట్ కాలమ్ చెరపకుండా పక్కనే ఉంచి, ఫార్మాట్ స్పష్టంగా చెప్పి మార్చుకుంటూ, మారనివి వేరే టేబుల్లో పోసి, కాగితం బిల్లులతో చూసుకుని, అప్పుడు ఆ డేట్ కాలమ్ మీద మామూలు ఇండెక్స్ కడితే ఏ గొడవా ఉండదు. పోస్ట్‌గ్రెస్ 10 కంటే పాతది వాడుతుంటే ఇంకొంచెం జాగ్రత్త, అందులో టు_డేట్ ఫంక్షన్ జూన్ 40 అని ఇచ్చినా తీసుకుని జులై 10 చేసి ఇచ్చేది.

టెక్స్ట్ తేదీలకి ఇంకో ముప్పు కూడా ఉంది, తక్కువ మందికి తెలుసు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో అక్షరాల వరస నియమాలు జీలిబ్‌సీ అనే దాంట్లో ఉంటాయి, 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో ఆ నియమాలు మారాయి, ముఖ్యంగా హైఫన్ లాంటి గుర్తులున్న మాటల వరస. 1-1 ముందా 11 ముందా అనే దానికి పాత లైనక్స్ ఒక జవాబు, కొత్త లైనక్స్ ఇంకో జవాబు చెప్తుంది. మనవాళ్ళు సున్నా పెట్టకుండా 1-12-2020, 11-2-2020 అని రాస్తారు కదా, అలాంటి టెక్స్ట్ మీద పోస్ట్‌గ్రెస్‌లో కట్టిన ఇండెక్స్, సర్వర్ ఆపరేటింగ్ సిస్టం అప్‌గ్రేడ్ చేసిన రాత్రి నుంచే చెడిపోవచ్చు. అలాంటప్పుడు రీఇండెక్స్, అంటే ఇండెక్స్ మళ్ళీ కట్టడం, చెయ్యాల్సిందే. డేట్ కాలమ్ అయితే లోపల అంకె కాబట్టి ఈ బాధ లేదు.

ఇదంతా కంప్యూటర్ వాళ్ళ గొడవ, మాకెందుకు అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 3 లక్షల దాకా పంట రుణం మీద 7 శాతం వడ్డీ పెట్టి, టైముకి కట్టినవాళ్ళకి 3 శాతం తగ్గిస్తుంది. మార్చి ఆఖరు గడువున్న రైతు మార్చి 5న కట్టాడు, 05-03. కంప్యూటర్ దాన్ని మే 3 అని చదివితే గడువు దాటినట్టే. 3 లక్షల మీద ఏడాదికి ఆ 3 శాతం 9,000 రూపాయలండి. రసీదు ఆయన చేతిలో ఉంది, దాని మీద 05-03 అనే ఉంది, కంప్యూటర్‌లోనూ చూస్తే తేదీ ఉంది, ఎవరు తప్పని తేల్చేది ఎవరు?

రొయ్యల చెరువుల్లో అయితే అన్నీ డీఓసీ మీదే నడుస్తాయి, సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసి ఎన్ని రోజులైంది అనే లెక్క, మేత ఎంత వేయాలి, ఏ నెంబరు మేత, ఎప్పుడు పట్టుబడి, అన్నీ దాని ప్రకారమే. ఫిబ్రవరి 5న సీడ్ వేస్తే మే 20కి డీఓసీ 104. యాప్ దాన్ని మే 2 అనుకుంటే 18. చెరువు గట్టు మీద ఉన్న రైతు నవ్వి ఊరుకుంటాడు, ఆయనకి తన చెరువు తెలుసు. దూరంగా కూర్చుని ఆ లెక్క చూసి అప్పు మీద మేత పంపే డీలర్ నవ్వడు.

పుట్టిన తేదీల్లో సంవత్సరం రెండంకెలే రాయడం ఇంకో తలనొప్పి. 58 అని రాస్తే మైఎస్‌క్యూఎల్ 2058 అనుకుంటుంది, 70 నుంచి 99 దాకా మాత్రమే 1900ల్లో వేస్తుంది. పెన్షన్ లిస్టులో ముసలాయన ఇంకా పుట్టనే లేదు అని వస్తే ఆ లిస్టు పట్టుకుని ఆయన ఎన్ని ఆఫీసులు తిరగాలో ఆలోచించండి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2022 జూన్‌లో కేంద్ర కేబినెట్ దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్ని కంప్యూటరైజ్ చేయడానికి 2,516 కోట్లతో పథకం ఒప్పుకుంది, మన సొసైటీల పాత లెడ్జర్లు కూడా కంప్యూటర్లలోకి ఎక్కే కాలం ఇది. ఇది చాలా మంచి పని, నాకు అందులో రెండో మాట లేదు. తాతల నాటి లెడ్జర్ల లెక్క ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కాక ఇంక ఎవరూ ఆ పుస్తకం తెరవరు, అటక మీద పెట్టేస్తారు, గోదావరి జిల్లాల తేమకీ చెదలకీ ఆ కాగితం ఎంత కాలం నిలుస్తుందో మనకి తెలుసు. తప్పు తేదీ ఇప్పుడు ఎక్కితే దాన్ని పోల్చి చూసుకోవడానికి తర్వాత ఏమీ మిగలదు. అందుకే ఈ నాలుగు మాటలు సొసైటీ సెక్రటరీలు, పాలకవర్గాలు, మిల్లుల యజమానులు, కేంద్రాల వాళ్ళు వినాలని నా కోరిక.

డేటా ఎక్కించే కాంట్రాక్టు ఎవరికిచ్చినా, తేదీ డేట్ కాలమ్‌లోనే ఉండాలి, ఒక చోట నుంచి ఇంకో చోటికి పంపే ఫైళ్ళలో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, సంవత్సరం నాలుగంకెలు అని కాగితం మీద రాయించుకోండి. ఐఎస్ఓ 8601 అని 1988 నుంచి ఉన్న అంతర్జాతీయ పద్ధతే ఇది, 2023-04-03 అని రాస్తే టెక్స్ట్‌గా ఉన్నా వరస సరిగ్గానే వస్తుంది. ఒక్క మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ టైపు వాడుతూ భాష బ్రిటిష్ అని పెట్టుకున్న చోట మాత్రం ఇది కూడా తిరగబడుతుంది, అక్కడ గీతలు లేకుండా 20230403 అని ఇవ్వాలి.

రైతుకిచ్చే రసీదు మీద, స్క్రీన్ మీద నెల పేరు అక్షరాల్లో రానివ్వండి. 3 ఏప్రిల్ 2023 అని ఉంటే డెబ్భై ఏళ్ళ పెద్దాయన కూడా అక్కడే నిలబడి, బాబూ నేను కట్టింది మార్చిలో కదా అని అడగగలడు. ఎన్ని ప్రోగ్రాములు పెట్టినా ఆ చూపుకి సాటి రాదు. ఎంట్రీ చేసే పిల్లలకి మొదటి రోజే డిట్టో కొట్టొద్దని, అర్థం కాకపోతే ఖాళీ వదిలి పక్కన గుర్తు పెట్టమని చెప్పండి, ఇన్ని రికార్డులు చేస్తేనే డబ్బులు అని తరమకండి.

ఇండెక్స్ ఎర్రర్ వచ్చినప్పుడు, దూరం నుంచి చూసేవాళ్ళు ఇండెక్స్ తీసేస్తాం, స్ట్రిక్ట్ మోడ్ ఆపేస్తాం అంటే ఒప్పుకోకండి. ఏ రికార్డు ఏ రికార్డుతో ఢీకొంటోందో రెండూ పక్కపక్కన చూపించమని అడగండి, చూపించే దాకా ఫోన్ పెట్టేయకండి. మీకు డేటాబేస్ తెలియక్కర్లేదు, రెండు తేదీలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

భీమవరం, నరసాపురం, అమలాపురం, కాకినాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు బోలెడున్నాయి, ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటుంటారు. వాళ్ళని పక్క ఊరి సొసైటీకి పంపి, ఎక్కిన తేదీల్లో పదమూడు లోపువి తీసి లెడ్జర్‌తో పోల్చమంటే, కాలేజీకీ పేరు, రైతుకీ మేలు. లెక్చరర్లు ఎవరైనా ముందుకొస్తే ఏ క్వెరీతో ఏం వెతకాలో చూపించడానికి నేను సిద్ధం, డబ్బులేం అక్కర్లేదు.

పేపర్ వారికి కూడా ఒక మనవి. ఈసారి ఎవరైనా సాంకేతిక కారణాలు అంటే, ఏ కారణం, ఏ రికార్డు, ఏ తేదీ అని మీ విలేకరులు అడగాలి. జవాబు వచ్చినా రాకపోయినా అది వార్తలో వేయండి.

ఇట్లు
మీ పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా